తాళం పోయిన లాకింగ్ వీల్ నట్లు విప్పడం ఎలా?

డిక్కీ తెరిచి మ్యాట్ ఎత్తారు. జాకీ ఉంది, పానా ఉంది, స్టెప్నీలో గాలి కూడా సరిగ్గానే ఉంది. లేనిదల్లా పిడికిట్లో ఇమిడిపోయే ఒక్క ఇనుప ముక్క, లాకింగ్ నట్ కీ. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా చక్రం ఊడదు.

చక్రానికున్న నాలుగైదు నట్లలో ఒకటి మాత్రం వేరేగా ఉంటుంది. మిగతావాటికి ఆరు పలకలుంటే దీని తల గుండ్రంగా, నున్నగా ఉంటుంది. తల మీద పువ్వులాగానో అలలాగానో ఒక గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడిలో సరిగ్గా కూర్చునే ముక్కే కీ. దాని రెండో చివరకి మామూలు పానా పడుతుంది. అల్లాయ్ వీల్స్‌ని ఎవరూ ఎత్తుకుపోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. అందుకే దానికి ఎక్కడా పట్టు దొరకదు. అయినా విప్పడానికి దారులున్నాయి. కొన్నిటిని ఇంటి దగ్గర మనమే చేసుకోవచ్చు.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది వరస. మెత్తటి పద్ధతితో మొదలుపెట్టాలి, అది కుదరకపోతేనే మొరటు పద్ధతికి వెళ్లాలి. చాలామంది చేతికి దొరికిన స్క్రూడ్రైవర్‌తోనో ఉలితోనో ముందు గాడిని కెలుకుతారు. గాడి అంచులు చితికిపోయాక, ఆ మర్నాడు అసలు కీ దొరికినా అది కూర్చోదు. అందుకని ఈ వ్యాసం మొత్తం చదివాకే సుత్తి ముట్టుకోండి.

ఇంకో సంగతి. కీ లేదని ఈ రోజే తెలిసి, టైర్లన్నీ బాగానే ఉంటే, పని వాయిదా వేయకండి. పంక్చర్ పడిన రోజున, చీకట్లో, రోడ్డు పక్కన చేయాల్సిన పని కాదిది. తీరిక ఉన్న రోజు పొద్దున్నే మొదలుపెట్టి నాలుగు చక్రాల లాకింగ్ నట్లూ తీసేసి, మామూలువి వేసేసుకోవడమే మేలు.

ఇప్పటికే రోడ్డు మీద ఇరుక్కుపోయి ఉంటే

టెన్షన్ పడకండి, చక్రం విప్పకుండానే గట్టెక్కే అవకాశం ఉంది. ట్యూబ్‌లెస్ టైర్‌లో మేకు దిగి, అది నేలకి ఆనే భాగంలోనే ఉంటే, చక్రం కారుకి ఉండగానే ప్లగ్ వేయొచ్చు. ముందు చక్రమైతే స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పితే టైర్ ముఖం బయటికి వస్తుంది. వెనక చక్రమైతే కారుని కాస్త ముందుకో వెనక్కో జరిపి, మేకు చేతికి అందే చోటికి తెచ్చుకోవాలి. గాలి మెల్లగా దిగుతుంటే పంప్‌తో నింపుకుని దగ్గర్లోని టైర్ల షాపు దాకా వెళ్లొచ్చు. టైర్ పక్కగోడ చిరిగితే మాత్రం ప్లగ్ పనికిరాదు, బండిని ఎత్తించుకుని తీసుకెళ్లడమే దారి. గాలి పూర్తిగా పోయిన టైర్ మీద నడిపితే టైర్‌తో పాటు అల్లాయ్ కూడా పాడవుతుంది.

ముందు గట్టిగా వెతకండి

నేను చూసినంతలో "పోయింది" అనుకున్న కీలు చాలావరకు కారులోనే ఎక్కడో ఉంటాయి. మా బావమరిది కారు కీ కోసం మూడు రోజులు వెతికాం. గ్లవ్ బాక్స్ రెండుసార్లు ఖాళీ చేశాం. చివరికి స్టెప్నీని పూర్తిగా బయటికి తీస్తే, దాని కింద గుంతలో, దుమ్ము పట్టిన చిన్న నల్ల సంచిలో ఉంది. పైనుంచి చూస్తే అది గుంతలో భాగంలాగే కనిపిస్తోంది.

కాబట్టి జాకీ పెట్టే థర్మాకోల్ ట్రేని ఎత్తి, తిరగేసి చూడండి. కొన్ని ట్రేల్లో కీ కోసమే చిన్న గుంట ఉంటుంది, అది అడుగున కూడా ఉండొచ్చు. డిక్కీ పక్కగోడల్లో ఉండే చిన్న అరలు, గ్లవ్ బాక్స్, సీట్ల కింద, డోర్ పాకెట్లు, యూజర్ మాన్యువల్ పెట్టే సంచి, అన్నీ చూడండి. వీల్ పానా సాకెట్ (నట్టు మీద కూర్చునే గొట్టం లాంటి భాగం) లోపల కూడా చూడండి, ఒక్కోసారి కీ అందులోనే ఇరుక్కుని ఉంటుంది. నాలుగు చక్రాల చుట్టూ ఒకసారి తిరగండి. ఎవరో విప్పి బిగించి కీని నట్టు మీదే మరిచిపోవడం కూడా జరుగుతుంది.

చివరిసారి చక్రాలు ఎక్కడ విప్పించారో గుర్తు తెచ్చుకుని అక్కడికి ఫోన్ చేయండి. కీ వాళ్లు నట్లు తిప్పే ఎయిర్ గన్‌కి పట్టుకునే ఉండిపోయి ఉండొచ్చు. ఎంత తొందరగా అడిగితే దొరికే అవకాశం అంత ఎక్కువ.

కొత్త కీ తెప్పించుకోవచ్చా?

వెతికినా దొరక్కపోతే తర్వాతి మెట్టు ఇదే. లాకింగ్ నట్ల సెట్‌తో పాటు ఒక చిన్న కార్డు వస్తుంది, దాని మీద కోడ్ ఉంటుంది. చాలామంది ఆ కార్డుని మాన్యువల్ సంచిలోనే వదిలేస్తారు కాబట్టి అక్కడే ఉండొచ్చు. కోడ్ దొరికితే అదే నమూనా కీ తెప్పించుకోవచ్చు. మెక్‌గార్డ్ లాంటి తయారీదారులు కోడ్ చూసి కీ ఇస్తారు. నట్లు కారుతో పాటే వచ్చినవైతే షోరూమ్‌లో అడగాలి.

కోడ్ లేకపోయినా షోరూమ్‌కి వెళ్లండి. ఒక కంపెనీ వాడే లాకింగ్ నమూనాలు లెక్కకి కొన్నే ఉంటాయి. చాలా సర్వీస్ సెంటర్లలో ఆ కీలన్నీ ఉన్న మాస్టర్ సెట్ ఉంటుంది. ఒక్కొక్కటీ పెట్టి చూసి మీది ఏదో తేల్చి, నట్లు విప్పి ఇస్తారు. ఏ నమూనానో తెలిసింది కాబట్టి కొత్త కీ కూడా తెప్పిస్తారు. బండి కాగితాలు వెంట తీసుకెళ్లండి. అడుగుతారు, అడగాలి కూడా.

వెళ్లేముందు నట్టు తలని బ్రష్‌తో తుడిచి, టార్చ్ వేసి, ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీసుకోండి. పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది. నట్లు బయట కొని వేయించినవైతే కారు కంపెనీ సెట్ పనికిరాదు. అప్పుడు ఆ ఫోటోతో నట్లు అమ్మినవాళ్లనో, టైర్ల షాపులనో అడగాలి.

ఈ దారిలో కీ దొరికితే గాడి చెక్కుచెదరదు, అల్లాయ్ మీద గీత పడదు. రెండు రోజులు ఆగాల్సి వచ్చినా ఆగండి.

నట్టుని దగ్గరగా చూడండి

కీ రాదని తేలిపోయింది. ఇప్పుడు ఏ పనిముట్టు వాడాలో చెప్పేది ఆ నట్టే. (కొన్ని కార్లకి హబ్ నుంచి, అంటే చక్రం కూర్చునే భాగం నుంచి, స్టడ్‌లనే మరల కడ్డీలు బయటికి వచ్చి వాటి మీద నట్లు కూర్చుంటాయి. మరికొన్నిటికి హబ్‌లోకి దిగే బోల్టులుంటాయి. ఇక్కడ రెండిటినీ నట్టు అనే అంటున్నాను, తేడా అవసరమైన చోట చెబుతాను.)

మొదటగా, అది నిజంగా లాకింగ్ నట్టేనా చూడండి. కొన్ని కార్లలో నట్ల మీద ప్లాస్టిక్ టోపీలుంటాయి. టోపీ లాగేస్తే కింద మామూలు ఆరు పలకల నట్టు కనబడొచ్చు. మరికొన్ని నట్లకి మెరిసే రేకు తొడుగు ఉంటుంది. లోపల తుప్పు పట్టి ఆ తొడుగు ఉబ్బితే పానా పట్టదు. దానికి ఒక సైజు పెద్ద సాకెట్ చాలు.

రెండోది, బయటి అంచుని వేళ్లతోనో చిన్న ప్లయర్‌తోనో పట్టుకుని తిప్పండి. నట్టు కదలకుండా బయటి రింగు ఒక్కటే గిర్రున తిరిగితే, అది తిరిగే కాలర్ ఉన్న రకం. కింద చెప్పే మొదటి రెండు పద్ధతులూ దానికి పనిచేయవు. పైన ఏం బిగించినా రింగుతో పాటు ఊరికే తిరుగుతూ ఉంటుంది. దాని సంగతి విడిగా చెబుతాను.

మూడోది, నట్టు చుట్టూ అల్లాయ్‌లో ఎంత ఖాళీ ఉంది? సాకెట్ గోడ దూరేంత ఖాళీ ఉండాలి. నట్టు తల పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంటే సాకెట్ జారిపోతుంది. ఖాళీ లేకపోయినా, తల మొన తేలి ఉన్నా, ఇంట్లో మొదలుపెట్టకుండా ఈ పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి.

చివరిగా వెర్నియర్‌తో తల బయటి వ్యాసం కొలిచి రాసుకోండి. ఒక్క మిల్లీమీటర్ తేడా పని మొత్తాన్ని మార్చేస్తుంది.

బండిని, మిమ్మల్ని సిద్ధం చేసుకోండి

సమతలంగా ఉన్న గట్టి నేల మీద కారు ఆపండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి (ఆటోమేటిక్ అయితే పార్క్‌లో), విప్పే చక్రం కాకుండా మిగతావాటికి ముందూ వెనకా రాళ్లో చెక్కలో అడ్డం పెట్టండి. నట్టు పట్టు వదిలేదాకా జాకీ ముట్టుకోవద్దు. చక్రం నేల మీద ఉంటేనే తిరగకుండా ఆగుతుంది. జాకీ మీద ఉన్న కారు మీద బలమంతా పెట్టి లాగితే కారు పక్కకి జారి పడుతుంది.

కళ్లజోడు తప్పనిసరి. గట్టి ఉక్కు మీద సుత్తి పడితే చిన్న పెళ్లలు ఎగురుతాయి, కంటికి తగిలితే చూపే పోతుంది. మామూలు కళ్లద్దాలు చాలవు, పక్కలు కూడా మూసి ఉండే సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోండి. చేతికి తోలు గ్లవ్స్ వేసుకోండి.

మిగతా నట్లని ముందే వదులు చేయకండి. అందరూ చేసే పొరపాటు ఇది. పక్కవి వదిలేస్తే చక్రాన్ని నొక్కి పట్టే బరువంతా లాకింగ్ నట్టు మీదే పడి అది ఇంకా బిగుసుకుంటుంది. అవి సరిగ్గా బిగించి ఉండగానే దీన్ని ముందు తీయాలి.

సామాన్లు: 60 సెంటీమీటర్లకి తగ్గని బ్రేకర్ బార్ (సాకెట్‌ని తిప్పే పొడవాటి కడ్డీ), అర అంగుళం డ్రైవ్‌ది, అంటే సాకెట్‌లో దూరే చదరపు కొన అర అంగుళం ఉన్నది. ఒక కిలో సుత్తి. చిన్న ఎక్స్‌టెన్షన్ రాడ్. వైర్ బ్రష్, తుప్పు వదిలించే నూనె, మందమైన టేపు. బార్ పొడవు గురించి చిన్న లెక్క: 60 సెంటీమీటర్ల బార్ చివర 25 కిలోల బరువు మోపితే నట్టు మీద దాదాపు 147 న్యూటన్ మీటర్ల తిప్పే బలం (టార్క్) పడుతుంది. మామూలు కార్ల వీల్ నట్లు చాలావరకు 90 నుంచి 140 మధ్య బిగించి ఉంటాయి. తుప్పు పట్టినవాటికి అంతకంటే ఎక్కువ కావాలి. కారుతో వచ్చే పొట్టి పానాతో ఎందుకు కదలదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

స్టడ్ ఉన్న కారైతే, దాని కొన బయటికి కనిపిస్తుంటే, అక్కడ రెండు చుక్కల నూనె వేసి కొన్ని గంటలు వదిలేయండి. బోల్టు అయితే బయట వేసిన నూనె లోపలి మరల దాకా చేరడం కష్టం, తల కూర్చున్న చోట మాత్రం కాస్త సాయపడుతుంది. స్ప్రే డబ్బాతో ఇష్టం వచ్చినట్టు కొట్టకండి. అల్లాయ్ సందుల్లోంచి బ్రేక్ డిస్క్ మీద పడితే బ్రేకులు జారతాయి. చుక్కలుగా వేసి, కారినది తుడిచేయండి.

మొదటి పద్ధతి: ట్విస్ట్ సాకెట్

లాకింగ్ నట్ల కోసమే తయారైన రిమూవర్ సాకెట్లు సెట్లుగా దొరుకుతాయి. వీటి లోపలి గోడ మీద ఎడమవైపు మెలితిరిగిన పదునైన గాళ్లుంటాయి. విప్పే వైపు తిప్పేకొద్దీ ఆ గాళ్లు నట్టుని ఇంకా లోతుగా కొరుకుతాయి, అంటే బలం పెంచేకొద్దీ పట్టు పెరుగుతుంది. కొనగలిగితే దీంతోనే మొదలుపెట్టండి.

1. నట్టు తల బయటి వైపు వైర్ బ్రష్‌తో శుభ్రంగా రుద్దండి. మట్టి, నూనె, తుప్పు ఏమీ ఉండకూడదు.
2. సెట్‌లో నట్టు మీదికి కొంచెం దిగి ఆగిపోయే సైజు ఎంచుకోండి. చేత్తో పెడితే పూర్తిగా దిగిపోయేది పెద్దదైనట్టు.
3. అల్లాయ్ గుంత అంచు చుట్టూ రెండు మూడు పొరల టేపు అంటించండి.
4. సాకెట్‌ని నిటారుగా పెట్టి సుత్తితో నాలుగైదు దెబ్బలు వేయండి, పట్టు దొరికితే చాలు.
5. బ్రేకర్ బార్ పెట్టి గడియారం ముళ్లు తిరిగే దిశకి ఎదురుగా, అదురు లేకుండా ఒకే బలంతో తిప్పండి.

పాత కాలపు కొన్ని కార్లకి, కొన్ని లారీలకి ఎడమవైపు చక్రాల మరలు తిరగేసి ఉంటాయి. అలాంటి బండి మీదైతే మాన్యువల్ చూసి దిశ ఖాయం చేసుకోండి.

ఎయిర్ గన్ ఉన్నా దీనికి చేతి బారే వాడమంటాను. సాకెట్ జారబోతుంటే చేతికి ముందే తెలుస్తుంది, గన్‌కి తెలియదు. అది క్షణంలో తల చుట్టూ గుండ్రంగా గీసి పారేస్తుంది.

రెండో పద్ధతి: చిన్న సాకెట్‌ని దిగ్గొట్టడం

ట్విస్ట్ సాకెట్ దొరక్కపోతే, ఒక మామూలు సాకెట్ వదులుకోవడానికి సిద్ధపడితే, ఇది చేయొచ్చు. నా నాలుగు నట్లూ నేను ఇలాగే తీశాను. నా కీ పోలేదు, ఒక వర్క్‌షాప్‌లో గన్‌తో బిగిస్తుంటే నిలువునా చీలిపోయింది. కాబట్టి ఈ పద్ధతి కాస్త వివరంగా చెబుతాను.

కావలసింది 12 మూలల సాకెట్. ఆరు మూలల దానికంటే ఇందులో లోపలికి పొడుచుకొచ్చే అంచులు ఎక్కువ, నట్టుని పన్నెండు చోట్ల కొరుకుతాయి. సైజు ఎంచుకోవడమే ఇందులో అసలు పని. చేత్తో పెడితే నట్టు మీదికి దిగిపోయే సాకెట్ ముందు కనుక్కోండి. దానికంటే ఒక్క సైజు చిన్నది మీకు కావలసినది. రెండు సైజులు చిన్నది ఎంచుకుంటే ఎంత కొట్టినా దిగదు, ఊరికే హబ్ అదురుతుంది. మిల్లీమీటర్ సైజుల్లో ఒకటి మరీ వదులుగా, తర్వాతిది మరీ బిగుతుగా అనిపిస్తే అంగుళాల సైజులు చూడండి. 13/16 అంగుళం అంటే 20.64 మిల్లీమీటర్లు, అంటే 20కీ 21కీ మధ్యది. నాకు పని చేసింది అలాంటి మధ్య సైజే. మొదటి నట్టుకి సరిపోయే సాకెట్ తేల్చుకోవడానికే గంట పట్టింది. మిగతా మూడూ కలిపి అంత సమయం పట్టలేదు.

సాకెట్ వెనక నేరుగా కొట్టకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ పెట్టి, దాని వెనక కొట్టండి. రాచెట్ (ఒకవైపే పట్టి తిప్పే సాకెట్ పిడి) మీద ఎప్పుడూ కొట్టొద్దు, లోపలి పళ్లు పోతాయి. ఒక చేత్తో సాకెట్‌ని నిటారుగా పట్టుకుని, తేలిక దెబ్బలతో మొదలుపెట్టండి. వంకరగా దిగిందంటే వెంటనే ఆపి, తీసి, మళ్లీ పెట్టాలి. చప్పుడు వినండి. మొదట్లో డొల్లగా మోగుతుంది. ఒక్కో దెబ్బకీ సాకెట్ అంచు నుంచి సన్నటి వెండి రంగు పొడి రాలుతుంది. సాకెట్ అడుగు నట్టు తలకి తగిలేసరికి ఆ మోత పోయి, బండరాయి మీద కొట్టినట్టు గట్టి చప్పుడు వస్తుంది. అక్కడ ఆపేయాలి. ఇంక కొట్టే ప్రతి దెబ్బా వీల్ బేరింగ్ మీద పడుతుంది.

ఎక్స్‌టెన్షన్ తీసి బ్రేకర్ బార్‌ని నేరుగా సాకెట్‌కి పెట్టండి. బార్ ఇంచుమించు నేలకి సమాంతరంగా, కిందికి నొక్కే వైపు ఉండేలా చూసుకోండి. ఒక చేత్తో సాకెట్ తలని చక్రం వైపు ఒత్తి పట్టి, ఇంకో చేత్తో శరీరం బరువు మెల్లగా మోపండి. బార్ మీద ఎక్కి నిలబడటం, కాలితో తన్నడం వద్దు. జారితే పళ్లు పోతాయో మోకాలు పోతుందో చెప్పలేం. బార్ కాస్త వంగుతుంది, ఏమీ జరగనట్టు అనిపిస్తుంది, అప్పుడు ఒక్కసారిగా "టక్" మంటుంది. మొదటిసారి ఆ చప్పుడుకి సాకెట్ పగిలిందేమో అనుకున్నాను. అది పగిలిన చప్పుడు కాదు, నట్టు పట్టు వదిలిన చప్పుడు. పావు చుట్టు తిరిగాక చేత్తోనే వచ్చేస్తుంది.

నట్టు సాకెట్ లోపలే ఇరుక్కుని ఉంటుంది. సాకెట్ వెనక చదరపు కన్నంలోంచి సన్నటి రాడ్ దూర్చి, కింద రెండు చెక్కల మధ్య ఖాళీ పెట్టి, సుత్తితో కొడితే ఊడిపడుతుంది. బోల్టు అయితే దాని మరల భాగాన్ని వైస్‌లో బిగించి సాకెట్‌ని తిప్పితే వస్తుంది, ఆ బోల్టు ఎలాగూ మళ్లీ వాడేది కాదు. తర్వాతి నట్టుకి వెళ్లేముందు సాకెట్ అంచులు చూడండి. మొద్దుబారినా పగులు కనిపించినా అది పక్కన పెట్టి కొత్తది తీసుకోండి. మెరిసే చేతి సాకెట్లు సుత్తి దెబ్బలకి తయారైనవి కావు, పగులు ఉన్నదాన్ని కొట్టడం ప్రమాదం. ఇంపాక్ట్ పనికి వాడే నల్లటి సాకెట్లు దెబ్బలకి ఓర్చుకుంటాయి, కానీ వాటి గోడ మందం కాబట్టి గుంతలో పట్టకపోవచ్చు.

రెండు మూడుసార్లు జారిపోతే అక్కడితో ఆపండి. తల బయటి వైపు ఎంత నున్నబడితే తర్వాత చేసేవాళ్లకి పని అంత కష్టం.

తిరిగే కాలర్ ఉన్న రకం

ఇది దొంగ కోసం ప్రత్యేకంగా ఆలోచించి చేసిన నట్టు. దీన్ని తీయాలంటే రెండే దారులు. ఒకటి, రింగుని ముందు పగలగొట్టి తీసేసి, కింద ఉన్న అసలు తల మీద సాకెట్ దిగ్గొట్టడం. రెండోది, గాడి లోపలే పట్టుకునే ప్రత్యేక పనిముట్టు వాడటం. రింగుని ఉలితో చీల్చబోతే ఒక్క దెబ్బ తప్పినా అల్లాయ్‌కి గాటు పడుతుంది. ఆ పనిముట్లేమో ఈ పనే రోజూ చేసేవాళ్ల దగ్గర ఉంటాయి. కాబట్టి ఈ రకానికి మాత్రం ఇంట్లో ప్రయత్నించకండి. ఇంటికొచ్చి లాకింగ్ నట్లు తీసిపెట్టే మొబైల్ సర్వీసులు చాలాచోట్ల ఉన్నాయి. ఫోన్‌లోనే తిరిగే కాలర్ అని చెప్పి, ఫోటో పంపితే సరైన సామాను తెచ్చుకుంటారు.

డ్రిల్, వెల్డింగ్, మంట

బోల్టు తల మధ్యలో డ్రిల్ వేసి, తలని మరల భాగం నుంచి వేరు చేసే పద్ధతి ఉంది. తల ఊడిపోగానే చక్రం బయటికి వస్తుంది. మిగిలిన కాడ మీద నొక్కుడు బలం ఉండదు కాబట్టి లాకింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పితే వచ్చేస్తుంది. చెప్పడానికి తేలికే. కానీ లాకింగ్ నట్లని కావాలనే గట్టిపరిచి చేస్తారు, మామూలు బిట్లు అరిగిపోతాయి. కోబాల్ట్ బిట్టు, తక్కువ స్పీడు, కటింగ్ ఆయిల్, సరిగ్గా మధ్యలో పంచ్ గుర్తు, ఓపిక, ఇవన్నీ కావాలి. స్టడ్ ఉన్న కారులో అయితే డ్రిల్ పక్కకి జరిగి స్టడ్‌నీ తినేస్తుంది. లోహం మీద డ్రిల్ వేయడం అలవాటు లేనివాళ్లు దీన్ని వదిలేయండి.

నట్టు తల మీద ఇంకో నట్టుని వెల్డ్ చేసి తిప్పడం అనుభవం ఉన్న మెకానిక్‌లు చేస్తారు. బ్యాటరీ కనెక్షన్ తీసి, అల్లాయ్‌కి తడి గుడ్డ కప్పి, క్షణాల్లో ముగించే పని అది. ఇంట్లో చేసేది కాదు.

గ్యాస్ మంట మాత్రం ఎవరు చెప్పినా వద్దు. టైర్ ఎక్కించి ఉన్న చక్రాన్ని వేడి చేస్తే లోపలి గాలి పీడనం పెరుగుతుంది, లోపలి రబ్బరు కాలి మండే వాయువులు కూడా పుట్టొచ్చు. టైర్ బాంబులా పేలి మనుషులు చనిపోయే ప్రమాదం ఉంది. గాలి తీసేశాం కదా అని కూడా ధైర్యం చేయొద్దు. యాంగిల్ గ్రైండర్ కూడా ఇంతే పనికిరానిది. డిస్క్ అల్లాయ్‌కి తగలకుండా ఆ గుంతలో తిప్పడం అయ్యే పని కాదు.

తీసేశాక ఏం వేయాలి

నాలుగు నట్లూ తీసేదాకా పని పూర్తయినట్టు కాదు. ఒక చక్రానికి తీసి, మిగతా మూడూ అలాగే వదిలేస్తే సమస్య వేరే చక్రానికి మారిందంతే. ఒక్కోటీ తీసిన వెంటనే దాని స్థానంలో కొత్తది వేసుకుంటూ వెళ్లండి.

కొత్త నట్టు లేదా బోల్టు కొనేటప్పుడు మూడు విషయాలు కలవాలి. మర కొలత: ఎం12 × 1.5, ఎం12 × 1.25, ఎం14 × 1.5 ఎక్కువగా కనిపించేవి, కానీ అంచనాతో కొనకుండా మీ కారుకున్న మామూలు నట్టు ఒకటి విప్పి పట్టుకెళ్లండి. కూర్చునే భాగం ఆకారం: కొన్ని శంఖువులా, కొన్ని బంతిలా గుండ్రంగా, కొన్ని వాషర్‌తో చదునుగా ఉంటాయి. చూడ్డానికి దగ్గరగా ఉన్నా ఒకదాని చోట ఇంకోటి పట్టదు. బిగిసినట్టే అనిపించి, నడుస్తుండగా వదులవుతుంది. మూడోది బోల్టులకే, పొడవు. పొట్టిదైతే మరలు చాలినన్ని పట్టుకోవు, పొడుగుదైతే హబ్ వెనక బ్రేక్ భాగాలకి తగులుతుంది. అల్లాయ్‌కీ స్టెప్నీ ఇనుప చక్రానికీ వేరే బోల్టులు అవసరమయ్యే కార్లు కూడా ఉన్నాయి, మాన్యువల్‌లో ఆ మాట ఉంటుంది.

బిగించే ముందు స్టడ్ మరలు వైర్ బ్రష్‌తో తుడవండి. మాన్యువల్ ప్రత్యేకంగా చెప్పకపోతే మరలకి నూనె, గ్రీజు రాయొద్దు. జారుడు వల్ల అదే టార్క్‌కి నట్టు అవసరానికి మించి బిగుసుకుని స్టడ్ సాగుతుంది. ముందు నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పండి. తేలిగ్గా తిరగకపోతే మర అడ్డం పడిందన్నమాట, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. చక్రం నేలకి ఆనించాక ఎదురెదురు నట్లుగా టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకి బిగించండి.

మళ్లీ లాకింగ్ నట్లే కావాలనుకుంటే, కొన్న రోజే కోడ్ ఉన్న కార్డుకి ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి. కీని మెరిసే రంగు రిబ్బన్‌తో వీల్ పానాకే కట్టేయండి. బండి సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు కీ మీద గన్ వాడొద్దని చెప్పండి, తిరిగి తీసుకునేటప్పుడు కీ చేతికి వచ్చాకే బయల్దేరండి.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో అన్ని నట్లూ ఇంకోసారి సరిచూడండి. ఏదైనా మళ్లీ వదులవుతుంటే బిగించి ఊరుకోకుండా, విప్పి, అది కూర్చునే చోట అల్లాయ్‌లో అరుగుదల ఉందేమో చూడండి.